పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే: తప్పు ర్యామ్‌దా, హార్డ్ డిస్క్‌దా?

ఫైలు కాపీ మధ్యలో ఆగిపోతుంది. నిన్న తెరుచుకున్న జిప్ ఫైలు ఇవాళ పాడైందంటుంది. విండోస్ ఇన్‌స్టాల్ చేయబోతే సగంలో ఏదో ఫైలు చదవలేకపోయానంటుంది. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా హార్డ్ డిస్క్‌ను అనుమానించి కొత్తది కొనేస్తారు. తీరా బిగించాక మళ్లీ అదే తంతు. డిస్క్ నుంచి వచ్చే ప్రతి బైటూ ర్యామ్ గుండా పోవాల్సిందే కాబట్టి, రెంటిలో ఏది చెడినా పైకి కనిపించేది దాదాపు ఒకటే.

అయితే చెడిపోయే తీరులో తేడా ఉంది. హార్డ్ డిస్క్ ప్రతి సెక్టారు (డేటా దాచే చిన్న గడి)తోపాటు తప్పును పట్టుకునే కోడ్ ఒకటి రాసుకుంటుంది. చదివింది ఆ కోడ్‌తో సరిపోకపోతే మళ్లీ మళ్లీ చదివి చూస్తుంది, అప్పటికీ కుదరకపోతే నా వల్ల కాలేదని సిస్టమ్‌కు చెప్పేస్తుంది. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్‌లో అలా సరిచూసుకునే ఏర్పాటు లేదు. ఒక బిట్ 0 బదులు 1 అయిందంటే, అదే నిజమన్నట్టు చేతిలో పెడుతుంది. కాబట్టి డిస్క్ జబ్బు ఆలస్యంగానో ఎర్రర్‌గానో బయటపడుతుంది, ర్యామ్ జబ్బు నోరు మెదపకుండా లోపల్లోపల పనిచేసుకుపోతుంది.

కంప్యూటర్ అర నిమిషం బిగుసుకుపోయి మళ్లీ కదులుతుంటే, ఆ సేపంతా డిస్క్ లైటు ఆరకుండా వెలుగుతుంటే ముందు డిస్క్‌ను చూడాలి. సంబంధం లేని ప్రోగ్రాములు ఒకటి తర్వాత ఒకటి మూసుకుపోతుంటే, బ్లూ స్క్రీన్ మీద ప్రతిసారీ కొత్త పేరు కనిపిస్తుంటే ర్యామ్‌ను. ఆ పేర్లలో ‘కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్’ అన్నది ఎక్కువగా డిస్క్ వైపో, దాని కేబుల్ వైపో వేలు చూపిస్తుంది. ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ లాంటివి ర్యామ్‌వి కావచ్చు, చెడ్డ డ్రైవర్‌వీ కావచ్చు. పేరు చూసి తీర్పు చెప్పకూడదు.

ఇంకోమాట. 4 జీబీ ర్యామ్ పెడితే 3.25 జీబీయే చూపిస్తోందని కంగారు పడక్కర్లేదు. 32 బిట్ విండోస్‌లో అది మామూలే. 64 బిట్ విండోస్‌లోనూ సగమే చూపిస్తుంటే మాత్రం ఒక స్టిక్ (ర్యామ్ పలక) సరిగా కూర్చోలేదేమో చూడాలి.

చెక్‌డిస్క్ జోలికి అప్పుడే పోవద్దు

అనుమానం రాగానే, డిస్క్‌ను తనిఖీ చేసి బాగుచేసే విండోస్ ప్రోగ్రామ్ చెక్‌డిస్క్‌ను నడపడం అందరికీ అలవాటు. ఈ పరిస్థితిలో అంతకంటే చెడ్డ పని లేదు. ర్యామ్ చెడిపోయి ఉంటే, చెక్‌డిస్క్ ఫైళ్ల పట్టికను అదే ర్యామ్‌లోకి తెచ్చుకుని, బాగున్నదాన్ని పాడైందనుకుని ‘బాగుచేసి’, ఆ చెత్తను తిరిగి డిస్క్ మీద రాస్తుంది. డిస్కే చెడిపోయి ఉంటే, /ఆర్ స్విచ్‌తో నడిపిన చెక్‌డిస్క్ దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా గంటల తరబడి ఊపిరాడకుండా చదివిస్తుంది. ఎటు చూసినా నష్టం మీదే. ముందు డేటా, తర్వాత కేబుళ్లు, ఆ తర్వాత ర్యామ్, చివరికి డిస్క్. వరస ఇదీ.

డేటాను అదే కంప్యూటర్‌లో కాపీ చేయకండి. ర్యామ్ తప్పయితే కాపీ అయిన ఫైళ్లూ తప్పుగానే వస్తాయి. డిస్క్‌ను కంప్యూటర్‌లోంచి తీసి, బాగున్న మరో కంప్యూటర్‌కు తగిలించండి. సాటా (డిస్క్‌ను బోర్డుకు కలిపే కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ చాలు. ల్యాప్‌టాప్‌లో ఉండే 2.5 అంగుళాల డిస్క్ యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతోనే తిరుగుతుంది. 3.5 అంగుళాల దానికి 12 వోల్టులు కూడా కావాలి, అంటే విడిగా పవర్ అడాప్టర్ ఉన్నది తీసుకోవాలి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో వచ్చే ఐడీఈ డిస్క్ అయితే వెనక జంపర్‌ను మాస్టర్ స్థానంలో పెట్టడం మరవద్దు.

మళ్లీ దొరకని ఫైళ్లు ముందు, సినిమాలు చివర. విండోస్‌లోని కాపీ కమాండ్ రోబోకాపీ వాడేవాళ్లు ఒక సంగతి గమనించాలి: చదవలేని ఫైలు తగిలితే అది మామూలుగా 10 లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. ఎన్నిసార్లు, ఎన్ని సెకన్లు అని చెప్పే ఆర్, డబ్ల్యూ స్విచ్‌లు రెంటికీ 1 ఇవ్వకపోతే చెడిన ఒక్క ఫైలు దగ్గరే డిస్క్ ప్రాణం పోతుంది. డిస్క్ పరిస్థితి బాగా విషమించి ఉంటే ఫైళ్లుగా కాపీ చేయడం మాని, లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం డిస్క్ ఇమేజ్ తీయండి. అది ముందు తేలిగ్గా వచ్చే భాగాలన్నీ లాగేసి, మొరాయించే చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు తప్పనిసరిగా ఇవ్వండి. అది ఉంటేనే మధ్యలో ఆపినా, కరెంటు పోయినా ఆగిన చోటు నుంచే మొదలవుతుంది.

టక్, టక్ అని కొన్ని సెకన్లకొకసారి కొట్టుకుంటూ, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే సెటప్‌లో) కూడా కనిపించని డిస్క్‌కు ఇవేవీ పనికిరావు. అందులో విలువైనది ఉంటే వెంటనే ఆపేసి డేటా రికవరీ నిపుణులకు ఇవ్వాలి. ఫ్రీజర్‌లో పెడితే బతుకుతుందనే చిట్కా ఇంకా చలామణీలో ఉంది. లోపల తేమ పట్టి ప్లాటర్ (డిస్క్ లోపలి పళ్లెం) మీద మిగిలింది కూడా పోతుంది.

క్యాబినెట్ మూత తీశాక

పవర్ తీగ పీకి, పవర్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన చార్జ్ పోతుంది. క్యాబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి.

మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ చుట్టూ, ర్యామ్ స్లాట్ల పక్కన ఉన్న కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటి భాగాల) తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా ర్యామ్ టెస్టులో వచ్చే ఎర్రర్లకు కారణం ర్యామ్ కాకపోవచ్చు. 2000 తర్వాతి కొన్నేళ్లలో తయారైన బోర్డుల్లో ఇది బాగా ఎక్కువ.

మల్టీమీటర్ ఉంటే కంప్యూటర్ నడుస్తుండగా ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్ దగ్గర కొలవండి. నలుపుకీ పసుపుకీ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, నలుపుకీ ఎరుపుకీ మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి. 3.5 అంగుళాల డిస్క్ తిరగడం మొదలెట్టే క్షణంలో 12 వోల్టుల లైన్ నుంచి సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన పవర్ సప్లై ఆ ఒక్క క్షణం తట్టుకోలేక పడిపోతుంటే, డిస్క్ తిరగబోయి ఆగిపోతుంటుంది. చూసేవాళ్లకు డిస్కే పోయిందనిపిస్తుంది.

సాటా కేబుల్ మార్చి చూడడం ఈ మొత్తం పనిలో అన్నిటికంటే చౌకైన పరీక్ష. విండోస్ ఎక్స్‌పీ ఉన్న ఐడీఈ మెషీన్లలో ఇంకో మెలిక: కేబుల్ వల్ల ఎర్రర్లు పోగయ్యే కొద్దీ విండోస్ వేగాన్ని మెట్టు మెట్టుగా తగ్గించి చివరికి చాలా నెమ్మదైన పీఐఓ మోడ్‌కు దించేస్తుంది. అప్పుడు కంప్యూటర్ నత్తనడక నడుస్తుంది, డిస్క్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ చానెల్ లక్షణాలు తెరిస్తే ఏ మోడ్‌లో ఉందో కనిపిస్తుంది.

ర్యామ్ పరీక్ష

స్టిక్కులు తీసి, బంగారు పూత ఉన్న అంచును తెల్ల రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్ది, పొడి దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన బట్టతో తుడవండి. పూత చాలా పల్చన, గట్టిగా రుద్దితే లేచిపోతుంది. స్లాట్‌లో దుమ్ము ఊదేటప్పుడు నోటితో ఊదకండి, తుంపర పడుతుంది. తిరిగి పెట్టాక రెండు చివరలా క్లిప్పులు టక్కుమని పడాలి. పాత మెషీన్లలో గణనీయమైన భాగం ఇక్కడితోనే దారికొస్తాయి.

బయోస్‌లో డిఫాల్ట్ సెట్టింగులు పెట్టి, హార్డ్ డిస్క్ కేబుల్ పీకేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ఉన్న పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయండి. డిస్క్ లేకుండా పరీక్షిస్తున్నాం కాబట్టి ఇక్కడ వచ్చే ఎర్రర్‌కు డిస్క్‌తో ఏ సంబంధమూ ఉండదు. యూఎస్‌బీ నుంచి బూట్ కాని పాత బోర్డుకు దాని ఐఎస్ఓను (సీడీ ఇమేజ్ ఫైలును) సీడీ మీద రాసుకోవచ్చు. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నస్టిక్ కూడా ఉంది గానీ, అది ‘ఏ దోషమూ లేదు’ అంటే నమ్మేయకండి, ‘ఉంది’ అంటే మాత్రం నమ్మండి.

ఒక్క పాస్ (పరీక్షలన్నీ ఒక రౌండు) సరిపోదు. రాత్రంతా వదిలేయండి, కనీసం నాలుగు పాస్‌లు పూర్తవ్వాలి. కొన్ని చిప్పులు వేడెక్కాకే తప్పులు చేస్తాయి. ‘ఒక్కటే ఎర్రర్ కదా’ అనే మాట ఇక్కడ చెల్లదు. కోట్ల సార్లు రాసి చదివినా రావాల్సిన ఎర్రర్ల సంఖ్య సున్నా. ఒకే ఒక్క మినహాయింపు పాస్‌మార్క్ కంపెనీ వాళ్ల వేరే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86లో 13వ పరీక్ష. అది రో హ్యామర్ అనే బలహీనతను (ఒక వరసను పదేపదే తాకితే పక్క వరసలో బిట్లు మారిపోవడం) వెతుకుతుంది. డీడీఆర్3 (ర్యామ్‌లో ఒక తరం) స్టిక్కులు చాలావాటిలో అది బయటపడుతుంది. మిగతా పరీక్షలన్నీ నెగ్గి అక్కడే తప్పితే మీ రోజువారీ క్రాష్‌లకు కారణం అది కాకపోవచ్చు.

ఎర్రర్లు వస్తే తెర మీది చిరునామాలు చూడండి. ప్రతి పాస్‌లోనూ అదే చిరునామా, అదే బిట్ తప్పుతుంటే చిప్‌లో ఒక గడి చచ్చిపోయినట్టే. చిరునామాలు చెల్లాచెదురుగా, ప్రతిసారీ వేరుగా వస్తుంటే స్లాట్, వోల్టేజ్, మదర్‌బోర్డులను అనుమానించాలి. ఇది తేల్చడానికి స్టిక్కులు ఒక్కొక్కటిగా పరీక్షించాలి. మొదటిది ఒకటో స్లాట్‌లో, తీసేసి రెండోది అదే స్లాట్‌లో. ఒకటి తప్పి ఇంకొకటి నెగ్గితే దొంగ దొరికినట్టే. రెండూ తప్పితే రెండూ చెడిపోయాయని రాసేయకండి, నెగ్గుతాయేమో రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. విడివిడిగా నెగ్గి కలిపితే తప్పుతుంటే అవి ఒకదానికొకటి పొసగని జత.

మార్చేటప్పుడు: డెస్క్‌టాప్ డీడీఆర్2, డీడీఆర్3 రెంటికీ 240 పిన్నులే, కానీ గాటు వేరేచోట ఉంటుంది, ఒకదానిలో ఒకటి కూర్చోదు. డీడీఆర్2లో చౌకగా దొరికే 4 జీబీ స్టిక్కులు కొన్ని ఏఎండీ బోర్డుల్లోనే పనిచేస్తాయి, ఇంటెల్ బోర్డులో పెడితే తెర కూడా రాదు. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ మామూలు 1.5 వోల్టుల స్లాట్‌లో నడుస్తుంది. 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో 1.5 వోల్టులది నడవదు.

డిస్క్ పరీక్ష

ర్యామ్ నెగ్గింది, ఇక డిస్క్. నేరుగా సాటాకు తగిలించి, డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్ తెరవండి. కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు స్మార్ట్ వివరాలను (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలను) దాటనివ్వవు. చివరి నిలువు వరసలోని అంకెలు మొదట హెక్సాడెసిమల్‌లో (పదహారుల లెక్కలో) కనిపిస్తాయి. మెనూలో రా వాల్యూస్ దగ్గర పదుల లెక్కకు మార్చుకోకపోతే 10ని చూసి పది అనుకుంటారు, నిజానికి అది 16.

చూడాల్సిన ఐడీ నంబర్లు నాలుగే. 05 అంటే డిస్క్ శాశ్వతంగా పక్కనపెట్టి బదులు సెక్టార్లు వాడుతున్నవి. సీ5 అంటే చదవలేక, ఏం చేయాలో తేల్చుకోలేక వేచి ఉన్నవి. సీ6 అంటే డిస్క్ తనంతట తాను చేసుకున్న తనిఖీలో చదవలేకపోయినవి. సీ7 అంటే డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో చెడిన డేటా. సీ7 పెరగడం దాదాపు ఎప్పుడూ కేబుల్ తప్పే. ఆ అంకె వెనక్కి తగ్గదు కాబట్టి రాసిపెట్టుకుని, కేబుల్ మార్చాక పెరుగుతోందో లేదో చూడండి. సీగేట్ డిస్కుల్లో 01, 07 ఎదుట కనిపించే కొండంత అంకెలను పట్టించుకోవద్దు. వాటిని లెక్కించే పద్ధతే వేరు.

అన్నీ సున్నాలే ఉన్నాయని నిశ్చింతగా ఉండకూడదు. 2007లో గూగుల్ తన సర్వర్ల డిస్కుల మీద వెలువరించిన అధ్యయనంలో, పోయిన డిస్కుల్లో సగానికి పైగా ప్రధాన స్మార్ట్ సంకేతాలు ఏవీ ఇవ్వకుండానే పోయాయి. అదే అధ్యయనంలో, తనిఖీలో మొదటి ఎర్రర్ చూపిన డిస్క్ 60 రోజుల్లోపు పోయే అవకాశం అలా చూపని దానికంటే 39 రెట్లు ఎక్కువ. సంకేతం లేకపోవడానికి అర్థం లేదు, ఉండడానికి మాత్రం చాలా ఉంది.

తర్వాత జీస్మార్ట్‌కంట్రోల్ అనే ప్రోగ్రామ్‌లో ఎక్స్‌టెండెడ్ సెల్ఫ్ టెస్ట్ పెట్టండి. 500 జీబీకి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ‘రీడ్ ఫెయిల్యూర్’ అని వస్తే ఇక వాదన అనవసరం. విండోస్ ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ లాగ్‌లో ‘డిస్క్’ పేరు మీద 7 (చెడ్డ బ్లాక్), 51 (పేజింగ్‌లో ఎర్రర్), 153 (మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చింది) నంబర్లు కూడా చూడండి. 41 మాత్రం కంప్యూటర్ అర్ధంతరంగా ఆగిందని చెబుతుందంతే, ఎందుకో చెప్పదు.

ఇంకా తేలకపోతే ఒక చిన్న ఉపాయం. ర్యామ్ కంటే పెద్ద ఫైలు ఒకటి, 8 జీబీ ఐఎస్ఓ లాంటిది, తీసుకుని సెవెన్‌జిప్ రైట్ క్లిక్ మెనూలో ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి విలువ) ఐదారుసార్లు తీయండి. ఎర్రర్ ఏదీ రాకుండా ప్రతిసారీ విలువ మారిపోతుంటే, తప్పు డిస్క్ పళ్లెం మీద లేదు. ర్యామ్‌లోనో, చిప్‌సెట్‌లోనో ఉంది. ఒకచోట ఆగిపోయి చదవలేనంటే డిస్క్.

ఇక సీ5 సంగతి. డిస్క్ ఒక సెక్టారును చదవలేనప్పుడు దాన్ని వెంటనే పక్కన పెట్టదు, మీరు దాని మీద కొత్తగా రాసేదాకా ఆగుతుంది. రాసేటప్పుడు పరీక్షించి, బాగుంటే జాబితాలోంచి తీసేస్తుంది, బాగోలేకపోతే 05లో చేరుస్తుంది. రాస్తుండగా కరెంటు పోయినా సెక్టారు ఇలా సగం రాసినట్టు మిగిలిపోవచ్చు. డేటా అంతా బయటికొచ్చాక, మరోచోట తెరిచి చూసుకున్నాక, డిస్క్‌ను ఫుల్ ఫార్మాట్ చేయండి (విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ ప్రతి సెక్టారులో సున్నాలు రాస్తుంది, ఎక్స్‌పీలో రాయదు). సీ5 సున్నాకు దిగి, 05 కదలకపోతే ఇంకోసారి సెల్ఫ్ టెస్ట్ పెట్టి, నెగ్గితే పోయినా బాధలేని ఫైళ్లకు వాడుకోవచ్చు. 05 పెరిగితే, లేదా వారం తర్వాత సీ5 మళ్లీ తలెత్తితే తీసి పక్కన పడేయండి. చెక్‌డిస్క్ నడపాలనుకుంటే ఇప్పుడు, నెగ్గిన ర్యామ్‌తో, నెగ్గిన డిస్క్ మీద నడపండి.