టక్కుమని ఆగిపోయిన స్టార్టర్: నా అనుభవం

చెన్నై హార్బరులో ఒక ఆదివారం ఉదయం మా తెరచాప పడవ ఇంజను మొరాయించింది. ఇంజనును తిప్పి మొదలుపెట్టే మోటారు, అంటే స్టార్టర్, మీట నొక్కితే టక్కుమని ఒక్క శబ్దం, అంతే. "బ్యాటరీ అయిపోయిందేమో" అన్నారు మా బావగారు. మల్టీమీటరు 12.6 వోల్టులు చూపింది, అంటే నిండుగానే ఉంది. మీట నొక్కినప్పుడూ 12.3 కంటే తగ్గలేదు. మోటారు నిజంగా కరెంటు లాగుతుంటే ఇంకా బాగా పడిపోవాలి. దారిలో ఎక్కడో అడ్డు ఉందన్నమాట.

ఇక్కడే చాలామంది స్టార్టర్ విప్పేస్తారు. దయచేసి తొందరపడకండి. బ్యాటరీ నెగటివ్ కొసకూ ఇంజను దిమ్మకూ మీటరు తగిలించి, బావగారిని మీట నొక్కమన్నాను. అర వోల్టు కూడా దాటకూడని చోట 7 వోల్టులు! మోటారుకు అందవలసిన శక్తి సగానికి పైగా ఆ రెంటినీ కలిపే ఎర్త్ వైరులోనే పోతోంది.

బ్యాటరీ స్విచ్ ఆపి ఆ వైరు కొసన ఉండే లోహపు బిగింపు (లగ్గు) విప్పాను. పచ్చగా చిలుము. పైపూత కోసి చూస్తే ఉప్పుగాలికి రాగి తీగలు లోపలిదాకా నల్లబడ్డాయి. గీకితే లాభం లేదు. తగరపు పూత ఉన్న కొత్త రాగి వైరు, అంతే లావుది, వేశాను. దిమ్మను లోహం మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, బిగించాక పైన గ్రీజు రాశాను.

ఒక ముఖ్యమైన జాగ్రత్త: ఇంజను అందుకోకుండా స్టార్టర్‌ను పదే పదే తిప్పవలసి వస్తే ఇంజనును చల్లబరచడానికి లోపలికి వచ్చే సముద్రపు నీటి వాల్వు మూసేయండి. లేకపోతే ఆ నీరు పొగ గొట్టపు మఫ్లర్‌లో (శబ్దం తగ్గించే డబ్బాలో) నిండి సిలిండర్లలోకి వెనక్కి రావచ్చు. ఇంజను అందుకోగానే వాల్వు తెరవాలి.

మాకు ఆ అవసరం రాలేదు. మొదటి నొక్కుకే అందుకుంది.