తీరిగ్గా తిరుగుదాం – 4వ పాఠం: ఆటుపోట్లను బట్టి దీవిలో ఒక రోజు

ముందు పోయిన పాఠంలోని లెక్కకు జవాబు చూద్దాం. నెల్లూరుకీ అండమాన్‌లోని షహీద్ ద్వీప్‌కీ పొద్దుపొడుపు, పొద్దుగుంకు వేళల్లో ఎన్ని నిమిషాల తేడా ఉంటుంది అన్నది ఆ లెక్క. నెల్లూరు దాదాపు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. మనం వెళ్లబోయే షహీద్ ద్వీప్, అంటే అండమాన్‌లో పాతపేరు నీల్ దీవి, 93 డిగ్రీల మీద ఉంది. తేడా 13 డిగ్రీలు. భూమి ఒక్కో డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి మొత్తం 52 నిమిషాలు. గడియారం మాత్రం రెండుచోట్లా ఒకటే. జనవరి మధ్యలో మన ఊళ్లో ఇంచుమించు ఆరింటికి పొద్దుగూకితే అక్కడ ఐదుంబావుకే గూకుతుంది. పొద్దున కూడా అంతే, ఆరు కాకముందే ఎండ వచ్చేస్తుంది. 52 అని రాసినవాళ్లు ఈ పాఠానికి సిద్ధమైనట్టే. రానివాళ్లు ఆ లెక్క ఇంకోసారి చేసి రండి. ఈ రోజు చేసేదంతా దాని మీదే నిలబడుతుంది.

తీరిక అంటే ఏ ప్లానూ లేకుండా వెళ్లిపోవడం అని చాలామంది అనుకుంటారు. అలా వెళ్లినవాళ్లే దీవిలో ఎక్కువ టెన్షన్ పడతారు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఈతకు వెళ్తారు, నీళ్లు నిండినప్పుడు రాళ్లు చూడ్డానికి వెళ్తారు, అన్నం దొరికే వేళకి ఇంకెక్కడో ఉంటారు. దీవిలో మనం మార్చలేని వేళలు రెండే రెండు: ఆటు (నీళ్లు బాగా వెనక్కి పోయే వేళ), పొద్దుగుంకు. ఆ రెండూ కాగితం మీద రాసుకుంటే మిగతా రోజంతా మీదే. మిగతా గంటలకు టైమ్‌టేబుల్ వద్దు. ఈ పాఠంలో నేర్చుకునేది ఇదే.

ఆటుపోట్ల సంగతి మన తీరం వాళ్లకి కొత్త కాదు. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న పెద్దవాళ్లని అడిగితే ఏ తిథికి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో వేలు పెట్టి చూపిస్తారు. మనకు కావలసినంత మాత్రం చెప్పుకుందాం. చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. పొంగడం పోటు, తగ్గడం ఆటు. ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. పోటు నుంచి ఆటుకు అందులో సగం, అంటే ఆరు గంటల పైన ఓ పన్నెండు నిమిషాలు. చంద్రుడు రోజూ ఆకాశంలో కొంచెం ముందుకు జరుగుతాడు కాబట్టి, ఈ రోజు మూడింటికి వచ్చిన ఆటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ 50 నిమిషాలను బాగా గుర్తుపెట్టుకోండి. దీవిలో రెండు రోజులుంటే మొదటి రోజు ప్లాను రెండో రోజుకి అలాగే పనికిరాదు.

ఆటు ఎంత లోతుకు పోతుందో చెప్పడానికి గోడ మీద కేలండర్ చాలు. అమావాస్యకీ పున్నమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలో ఉంటారు కాబట్టి ఇద్దరి లాగుడూ కలిసిపోతుంది. పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా దిగుతుంది. అది అదే రోజు కాకుండా ఒకటి రెండు రోజుల తర్వాత, అంటే పాడ్యమి, విదియల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అష్టమి చుట్టుపక్కల రెండు లాగుళ్లూ అడ్డంగా పడి తేడా తగ్గిపోతుంది. మన నెల్లూరు తీరంలో పున్నమి నాటి తేడా మీటరు చుట్టుపక్కల ఉంటే, అండమాన్‌లో దాదాపు రెండు మీటర్లు. అందుకే ఇక్కడ ఒడ్డున కూర్చున్నవాళ్లు ఆటుపోట్లను పట్టించుకోకపోయినా నడుస్తుంది, అక్కడ నడవదు. టికెట్ కొనేముందు విమానం చార్జీతో పాటు తిథి కూడా చూడమని నేను గట్టిగా చెప్తాను. నా ఓటు విదియ చుట్టూ ఉన్న రోజులకే.

కచ్చితమైన వేళల కోసం పట్టిక చూడాలి. హైదరాబాద్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సముద్రం సమాచారం ఇస్తుంది. ఆటుపోట్ల అంచనాలు, పెద్ద అలల హెచ్చరికలు అక్కడ దొరుకుతాయి. సర్వే ఆఫ్ ఇండియా కూడా ఏటా పట్టికలు వేస్తుంది. మనకు కావలసింది పోర్ట్ బ్లెయిర్ పట్టిక. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది కాబట్టి రెండు పేర్లతోనూ వెతకండి. కృష్ణపట్నం పట్టిక పట్టుకుని అండమాన్ వెళ్లొద్దు. చంద్రుడు ఒకడే అయినా తీరం ఆకారం, లోతు వేరు కాబట్టి వేళలూ వేరు.

ఇక దీవి. షహీద్ ద్వీప్ చిన్నది, ఒక చివర నుంచి ఇంకో చివరకు ఐదారు కిలోమీటర్లు. 1943 డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసిన నేతాజీ, అండమాన్‌కు షహీద్ అనీ నికోబార్‌కు స్వరాజ్ అనీ పేర్లు పెట్టారు. సరిగ్గా 75 ఏళ్లకు, 2018లో, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అనీ పక్కనున్న హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అనీ పేర్లు మార్చారు. నీల్, హేవ్‌లాక్ ఇద్దరూ 1857 తిరుగుబాటును అణచిన బ్రిటిష్ సేనాధిపతులు. ఆ పేర్లు పోవడమే మంచిదైంది. దీవిలో ఊళ్ల పేర్లు వింటే మనకి ఇంకా సంతోషం: సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు ఇక్కడ అడవి కొట్టి పొలాలు చేసుకున్నాయి. ఈ రోజుకీ అండమాన్‌కు కూరగాయలు పండించే దీవి అని దీనికి పేరు.

ఒక్క షరతు. పొద్దున బోటులో వచ్చి మధ్యాహ్నం బోటులో వెళ్లిపోయే పద్ధతి ఈ పాఠానికి పనికిరాదు. ముందురోజు సాయంత్రానికే దీవి చేరి అక్కడ పడుకోండి. పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటు ప్రయాణం గంటన్నర నుంచి రెండున్నర గంటలు, బోటును బట్టి. ఆ రాత్రి గదికి పెట్టే ఖర్చు ఆ రోజంతటిలోకీ బాగా చెల్లిన ఖర్చు.

ఇప్పుడు అసలు పని. మీరు వెళ్లిన రోజు విదియ అనుకుందాం. పట్టికలో ఆటు మధ్యాహ్నం 3:10 అని ఉందనుకుందాం. అందులోంచి ఆరు గంటల పన్నెండు నిమిషాలు తీసేస్తే పోటు ఉదయం 8:58కి. పొద్దుగుంకు 5:15కి. ఈ మూడు వేళలూ కాగితం మీద రాయండి.

పోటు ఉదయం కాబట్టి ఉదయం భరత్‌పూర్ బీచ్. బోట్లు ఆగే జెట్టీ పక్కనే ఉంటుంది. నీళ్లు లోతు తక్కువ, అడుగున పగడాలు ఉంటాయి. ఆటు వేళ అక్కడ నీళ్లు మరీ పలచబడి, దిగితే పగడాల మీద కాలు పడే ప్రమాదం ఉంటుంది. పోటు వేళ హాయిగా తేలొచ్చు. పగడం రాయిలా కనిపించినా ప్రాణి. దాని మీద నిలబడకూడదు, విరగ్గొట్టకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి పులికి ఇచ్చినంత రక్షణ ఇచ్చింది. ఒడ్డున పడి ఉన్న ముక్క కూడా సంచిలో వేసుకోవద్దు. పిల్లలకు ఈ మాట బోటు ఎక్కకముందే చెప్పండి. అక్కడికి వెళ్లాక చెప్తే ఏడుస్తారు.

ఆటు మధ్యాహ్నం మూడు దాటాక. అప్పుడు చూడాల్సింది లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్ పక్కనున్న సహజ శిలాతోరణం. తిరుమలలో శిలాతోరణం చూసినవాళ్లకి ఆకారం వెంటనే ఊహకు వస్తుంది. ఇది మాత్రం పగడపు రాయి, సముద్రం తొలిచింది, కింద నిలబడి పైకి చూడొచ్చు. అక్కడికి దారి రాళ్ల మీదుగానే. పోటులో ఆ రాళ్లు నీళ్ల కింద ఉంటాయి. నియమం ఇది: ఆటుకు గంట ముందు చేరండి, ఆటు దాటిన గంటలోపు తిరిగి వచ్చేయండి. మన ఉదాహరణలో 2:10కి చేరి 4:10కి బయటపడాలి. రాళ్ల సందుల్లో నిలిచిన గుంటల్లో చిన్న చేపలు, పీతలు, సముద్ర దోసకాయలు అనే మెత్తటి ప్రాణులు ఉంటాయి. అక్కడి గైడ్లు వేలితో చూపిస్తారు. వాళ్లకి డబ్బులిచ్చి తీసుకెళ్లడమే మంచిది, మన కళ్లకి అవి రాళ్లలాగే కనిపిస్తాయి. హవాయి చెప్పులు వద్దు, జారని అడుగున్న బూట్లు కావాలి. ఒక్కో గుంట దగ్గర కాసేపు కదలకుండా నిలబడండి. లోపల దాక్కున్నవి అప్పుడే బయటికి వస్తాయి.

అక్కడి నుంచి లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్ దగ్గరే. పడమటి ముఖం, పొద్దుగుంకు కోసమే ఉన్నట్టుంటుంది. 5:15కి ముందే కూర్చోండి. మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేవడమే చూస్తాం, సముద్రంలోకి దిగడం చూడం. నెల్లూరు, ప్రకాశం వాళ్లకి ఇదొక్కటే చాలు అంత దూరం వెళ్లినందుకు.

భరత్‌పూర్‌కీ తోరణానికీ మధ్య పదకొండు నుంచి రెండింటిదాకా ఖాళీ ఉంది చూశారా? అక్కడ ఏమీ పెట్టకండి. అది భోజనానికీ కునుక్కీ. భోజనం గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఇక్కడే తొందరపడతారు.

జెట్టీ దగ్గరి బజారులో చిన్న చిన్న భోజనశాలలు ఉంటాయి. వంట బెంగాలీ పద్ధతి: అన్నం, పప్పు, ఏదో ఒక వేపుడు, చేపల కూర. ఆవనూనె వాసన మొదటి ముద్దకి కొత్తగా ఉంటుంది. మామిడికాయ వేసిన చింతపండు పులుసు నాలుకతో దాన్ని కొలవొద్దు. ఇది పులుపు వంట కాదు, ఆవ ఘాటు వంట. కూర ముందు కొంచెమే అన్నంలో కలుపుకుని తినండి, రెండో ముద్దకి దారి దొరుకుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా ఈ పూటకి సంచిలోనే ఉండనివ్వండి. శాకాహారులకు వంకాయ వేపుడు, గుమ్మడికాయ కూర, పప్పు ఉంటాయి. అక్కడి పొలాల్లో పండిన కూరగాయలు కాబట్టి మంచి రుచి.

వెళ్లగానే చేప పేరు చెప్పి ఆర్డర్ ఇవ్వకండి. "ఆజ్ కౌన్‌సీ మఛ్లీ తాజీ హై?" (ఈ రోజు ఏ చేప తాజాగా ఉంది?) అని హిందీలో అడగండి. ఈ వాక్యం బట్టీ పట్టండి, ఈ పాఠంలో బట్టీ పట్టాల్సింది ఇదొక్కటే. సుర్మయి అంటే మన వంజరం, భెట్కీ అంటే మన పండుగప్ప, చింగ్డీ అంటే రొయ్య. వండకముందు చేపను చూపించమంటే చూపిస్తారు. కన్ను తేటగా ఉందా, మొప్ప ఎర్రగా ఉందా, వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేస్తుందా చూడటం మన వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. రాత్రి భోజనం పొద్దున్నే చెప్పి ఉంచండి. చిన్న హోటళ్లు ఎందరికని తెలిస్తేనే సరిపడా తెచ్చి వండుతాయి. మధ్యాహ్నం పదకొండున్నరకే కూర్చోండి. బోటు దిగిన గుంపు వచ్చాక వడ్డించేవాళ్లకీ తీరిక ఉండదు, మీకూ ఉండదు. చేతిలో నగదు ఉండాలి. దీవిలో సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో చెప్పలేం.

తిరగడానికి సైకిల్ అద్దెకు తీసుకోండి. స్కూటర్ మీద దీవి అరగంటలో అయిపోతుంది, అదే దాని లోపం. సైకిల్ మీద అయితే అరటితోట కనిపిస్తే ఆగుతారు, కొబ్బరిబొండాల దగ్గర ఆగుతారు. సీతాపూర్ తూర్పు చివర ఉంది, సూర్యోదయానికి మంచిది. కానీ పొద్దున ఐదింటికే లేవాలి. ఇష్టమైతే వెళ్లండి, లేకపోతే వదిలేయండి. అన్నీ చూడాలన్న పట్టుదల ఉన్నవాళ్లు మొదట వదలాల్సింది అదే అని నా అభిప్రాయం.

అష్టమినాడు వెళ్తే ఏమవుతుందంటే, ఆటు వేళ పొద్దున్నకో, పొద్దు పోయాకకో మారుతుంది, నీళ్లు అంత లోతుకు పోవు. ఆటు ఉదయం 9:30కి ఉంటే వరస తిరగేయండి: ముందు తోరణం, భోజనం, కునుకు, 3:42 పోటుకు భరత్‌పూర్, తర్వాత లక్ష్మణ్‌పూర్. రాళ్లు కొంచెం తక్కువ బయటపడతాయి, అంతే.

అభ్యాసం 1. ఈ ఆదివారం మైపాడు వెళ్లండి, నెల్లూరు నుంచి సుమారు 25 కిలోమీటర్లు. ప్రకాశం వాళ్లకి కొత్తపట్నం. నీళ్లలోకి దిగే పని లేదు. అలలు వచ్చి తడిపే చివరి గీత దగ్గర ఒక కర్ర గుచ్చి టైము రాసుకోండి. గంట తర్వాత గీత ఎటు జరిగిందో చూసి, ఆటు నడుస్తోందో పోటు నడుస్తోందో చెప్పండి. తర్వాత కృష్ణపట్నం పట్టికతో సరిచూసుకోండి. ఒక్క అల చూసి తేల్చొద్దు, కనీసం పది అలలు చూడాలి. వీలైతే మర్నాడు కూడా వెళ్లి ఆ 50 నిమిషాల ఆలస్యం కళ్లతో చూడండి.

అభ్యాసం 2. షహీద్ ద్వీప్‌లో ఒక రోజు ఆటు 11:40కి, పొద్దుగుంకు 5:15కి. మీతో మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ, ఆరేళ్ల పిల్లవాడు ఉన్నారు. పోటు వేళలు రెండూ లెక్కకట్టండి. తోరణానికి ఎవరు వెళ్తారు, ఎన్నింటికి? భోజనం ముందా వెనకా? ఈత ఉంటుందా? మీ ప్లానులో ఏ పనీ లేని గంటలు కనీసం మూడు ఉండాలి. జవాబు 5వ పాఠం మొదట్లో ఇస్తాను. ఆ పాఠంలో స్వరాజ్ ద్వీప్‌లోని రాధానగర్ బీచ్, బోటు మార్చుకుంటూ రెండు దీవుల్ని కలిపే పద్ధతి చూద్దాం.