డ్రిప్ సబ్సిడీ తనిఖీకి వచ్చేలోపు మీ పొలాన్ని మీరే ఒకసారి కొలవండి

సబ్సిడీ మీద డ్రిప్ (మొక్క మొదట్లో బొట్లుబొట్లుగా నీళ్లిచ్చే పైపులు) వేశాక, సామాను లెక్కప్రకారం పడిందా అని ఇంజినీరు వచ్చి చూస్తాడు. ఆ తనిఖీ అనగానే చాలామంది రైతులు ముందు పెట్టెలో కాగితాలు వెతుకుతారు. కాగితాలు కావాలి, కాదనను. కానీ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను చూసిన పొలాల్లో బిల్లు ఎక్కువగా ఆగింది కాగితం లేక కాదు, కాగితంలో రాసినదానికీ నేల మీద పరిచినదానికీ తేడా ఉండి. ఆ తేడా ఇంజినీరు కంటపడేలోపు మీ కంటపడాలి.

మన దగ్గర సాధారణంగా రైతు తన వాటా కడతాడు, సబ్సిడీ సొమ్ము మాత్రం సామాను ఇచ్చిన కంపెనీకి వెళ్తుంది. పర్ డ్రాప్ మోర్ క్రాప్ అనే కేంద్ర పథకంలో యూనిట్ ఖర్చు (ప్రభుత్వం లెక్కగట్టిన ఖర్చు) మీద సన్న, చిన్నకారు రైతులకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం సబ్సిడీ ఉంటుంది. దానిపైన రాష్ట్రాలు తమ వంతు కలుపుతాయి. అంటే మీ పేరు మీద పెద్ద మొత్తమే వేరేవాళ్లకు చేరుతుంది. మీ పొలంలో పైపు తక్కువ పడినా లెక్కలో మాత్రం మీకు పూర్తిగా ముట్టినట్టే. అదే భూమికి మళ్లీ 7 ఏళ్ల దాకా సబ్సిడీ రాదు. అందుకే తనిఖీ అంటే టెన్షన్ పడొద్దని, అది మీ తరఫున జరిగే పని అని ప్రతి రైతుకూ చెబుతాను.

ముందు ఎస్టిమేట్ (మీ పొలానికి ఏ సామాను ఎంత అని వేసిన లెక్క) కాపీ చేతిలోకి తీసుకోండి. డీలరు ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, అది మీ హక్కు. అందులో ఏ సైజు మెయిన్ లైన్ (మోటారు నుంచి వచ్చే పెద్ద పైపు) ఎన్ని మీటర్లు, దాన్నుంచి చీలే సబ్ మెయిన్ ఎంత, సాళ్ల వెంట పరిచే సన్న పైపు, అంటే లేటరల్ ఎంత, ఏ రకం ఫిల్టరు, ఎన్ని వాల్వులు అని వరుసగా ఉంటుంది. దాన్ని పట్టుకుని మోటారు దగ్గర మొదలుపెట్టి చివరి సాలు దాకా నడవండి.

లేటరల్ లెక్క చాలా తేలిక. ఎకరా అంటే 4,047 చదరపు మీటర్లు. దాన్ని లేటరల్స్ మధ్య దూరంతో భాగించండి. సాలుకీ సాలుకీ 1.2 మీటర్లు ఉంటే ఎకరాకు దాదాపు 3,370 మీటర్ల పైపు పడుతుంది. 1.5 మీటర్లయితే 2,700 దగ్గర ఆగుతుంది. గట్లు, దారి పోగా కొంత తగ్గడం సహజం. కానీ ఎస్టిమేట్‌లో 1.2 మీటర్లని రాసి పొలంలో 1.5 మీటర్లకు పరిచారంటే అది గట్టుకు పోయిన పైపు కాదు. టేపు పెట్టి నాలుగైదు చోట్ల కొలిచి రాసుకోండి.

పైపుల మీద అచ్చు కూడా చదవండి. డ్రిప్పర్లు (నీటిబొట్లు వదిలే బిళ్లలు) లోపలే ఉన్న ఇన్‌లైన్ పైపు మీద ఐఎస్ 13488, మామూలు లేటరల్ మీద ఐఎస్ 12786, పీవీసీ పైపు మీద ఐఎస్ 4985 అని ఐఎస్ఐ గుర్తుతో ఉండాలి. మట్టి పూడ్చాక మెయిన్ లైన్ ఎవరికీ కనిపించదు కాబట్టి, పూడ్చకముందే అచ్చు కనిపించేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత నీళ్లు వదిలి చూడండి. తనిఖీలో చాలామంది ఇక్కడే తడబడతారు. గంటకు 4 లీటర్ల డ్రిప్పరయితే 15 నిమిషాల్లో లీటరు నీళ్లు రావాలి, 2 లీటర్లదయితే అరలీటరు. మోటారుకు దగ్గరగా ఒకటి, పొలం మధ్యలో ఒకటి, చిట్టచివరి లేటరల్ కొసన ఒకటి, మూడు చోట్లా డబ్బాలు పెట్టండి. చివర బాగా తగ్గిందంటే ముందు ఫిల్టరు జాలీ కడగండి, పైపుల కొసన ఉండే మూతలు (ఎండ్ క్యాపులు) తీసి పైపుల్లో మట్టి పోనివ్వండి. అప్పటికీ రాకపోతే ఎక్కడన్నా లీకవుతోందా, ఉడుతలు కొరికాయా చూడండి. అవేవీ కాకపోతే డిజైన్‌లోనే లోపం ఉండొచ్చు, అది కంపెనీ సరిచేయాలి.

కాగితాల సంగతి ఎక్కువ లేదు. పట్టాదారు పాసు పుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, మీ వాటా కట్టిన రసీదు. ఒక్కటి మాత్రం మరవొద్దు: డ్రిప్ వేసిన చేను, దరఖాస్తులో రాసిన సర్వే నంబరు ఒకటే కావాలి. అన్నదమ్ముల మధ్య నోటిమాటగా పంచుకున్న భూముల్లో ఇక్కడే తిరకాసు వస్తుంది. తనిఖీలో తీసే ఫొటోకు జియోట్యాగ్, అంటే తీసిన చోటు గుర్తు ఉంటుంది కాబట్టి పక్క చేనులో నిలబడి తీసినా తెలిసిపోతుంది. బోరు అన్నగారిదైతే నీళ్లు వాడుకోవడానికి ఆయన సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి.

తనిఖీ రోజు త్రీఫేజ్ కరెంటు వచ్చే వేళకే రమ్మని ముందే ఫోన్లో చెప్పండి. మోటారు ఆడకపోతే చూసేదేమీ ఉండదు. డీలరు మనిషికి వదిలేయకుండా మీరే పొలంలో ఉండండి. పంట తీసేసి లేటరల్స్ చుట్టేసి ఉంటే, చుట్టలు ఎండ తగలని చోట పెట్టి, పరిచి ఉన్నప్పటి ఫొటోలతో పాటు చూపించండి.

చివర్లో సంతకం. ఖాళీ ఫారం మీద సంతకం చేయకండి, ఎవరు ఎంత తొందరపెట్టినా. పరిమాణాలు నింపిన తర్వాత మీరు కొలిచిన అంకెలతో పోల్చి, సరిపోతేనే చేయండి. తక్కువుంటే ఆ మాట రిపోర్టులోనే రాయించండి. చదవడం రానివాళ్లు ఇంట్లో చదువుకున్న పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి, సిగ్గుపడాల్సిన పని కాదు. ఫోనుకు ఓటీపీ వస్తే అది దేనికో అడిగాకే చెప్పండి. పాస్ చేయడానికి డబ్బు అడిగితే ఇవ్వకండి, పైఅధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి.

లోపం రాశారని దిగులుపడొద్దు. ఆ రిపోర్టు కాపీ తీసుకుని కంపెనీకి ఇవ్వండి, సరిచేయించి మళ్లీ తనిఖీ చేయమని దరఖాస్తు పెట్టండి. ఎస్టిమేట్, రిపోర్టు, ఫొటోలు 7 ఏళ్లు నిండేదాకా ఒకే కవరులో దాచండి. ఈలోపు మరో బృందం వచ్చి సామాను అక్కడే ఉందా అని అడగొచ్చు.