సీరియల్ డబ్బా వెనక్కి తిప్పి చూడండి

కార్న్‌ఫ్లేక్స్ లాంటి, పొద్దున పాలతో తినే సీరియల్ కొనేటప్పుడు ముందువైపు "మల్టీగ్రెయిన్" అని పెద్దక్షరాలతో ఉంటే వెంటనే నమ్మేయకండి. రకరకాల గింజలు వాడారని మాత్రమే దానర్థం, పొట్టు తీయలేదని కాదు. ముదురు రంగు చూసి కూడా ఓకే అనుకోవద్దు, కారమెల్ కలిపినా ఆ రంగు వస్తుంది. డబ్బా వెనక పదార్థాల జాబితా చదవండి. ఏది బరువులో ఎక్కువ ఉంటే అదే ముందు రాస్తారు. మొదటి పేరు ఓట్సో, హోల్ వీటో (పొట్టు తీయని గోధుమ) అయితే సరే. రెండోదే చక్కెర అయితే నేను మళ్లీ అరలో పెట్టేస్తాను. గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్, తేనె కూడా చక్కెర లెక్కే. 100 గ్రాములకు పీచు 6 గ్రాములు దాటి, చక్కెర 5 గ్రాముల లోపు ఉంటే కళ్లుమూసుకుని తీసుకోవచ్చు. 4 గ్రాముల చక్కెర అంటే దాదాపు ఒక టీస్పూన్ అని గుర్తుంచుకుంటే లెక్క తేలిక.

ప్రయాణాల్లో పాలు లేకపోయినా పర్వాలేదు. అరకప్పు సీరియల్‌, గుప్పెడు బాదం లేదా వేరుశనగలు చిన్న డబ్బాలో వేసుకోండి. కిస్‌మిస్ మాత్రం విడిగా పొట్లం కట్టుకోండి. కలిపేస్తే దాని తడి లాగేసుకుని, సాయంత్రానికల్లా కరకరలాడాల్సిన ఫ్లేక్స్ మెత్తబడి సాగుతాయి. పిల్లలు నోట్లో పెట్టుకుని వెంటనే ఉమ్మేస్తారు పాపం!

ఇంట్లో ప్యాకెట్ పట్టుకుని టీవీ ముందు కూర్చోవద్దు, గిన్నెలో వేసుకోండి. తెరిచిన ప్యాకెట్ గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. పొట్టు తీయని గింజలో మొలకెత్తే భాగంలో నూనె ఉంటుంది కాబట్టి త్వరగా ముక్కిపోయిన వాసన వస్తుంది.