ఫ్రీజర్‌లోంచి తీసిన ట్యూబ్‌ని నమ్మకండి

ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ ఎంత వేగంగా పోగులుగా ముద్ద కడుతుందో, ఆ పోగులకి అతుక్కుంటే మెరిసే థయోఫ్లేవిన్-టి రంగుతో కొలవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి నేను ముందు చెప్పే మాట ఇదే. ఒకసారి ఆ మెరుపు చూపే నా గ్రాఫ్ మొదటి గంటలోనే ఎగబాకింది. నేను పరీక్షిస్తున్న అణువే తొందరపెడుతోందనుకుని సంబరపడ్డాను. తీరా చూస్తే, అణువు కలపని వెల్స్‌లోనూ (ప్లేట్‌లోని చిన్న గుంటల్లోనూ) అదే తీరు. ఒకే ట్యూబ్‌ని రెండుసార్లు కరిగించి వాడాను. మూడు వారాల పని పోయింది.

ఈ ప్రొటీన్‌లో 140 అమైనో ఆమ్లాలుంటాయి. మామూలుగా ఓ ఆకారమంటూ లేకుండా వదులుగా ఉంటుంది. పార్కిన్సన్స్ రోగుల మెదడు కణాల్లో కనిపించే లూయీ బాడీలనే ముద్దల్లో పేరుకునేది ఇదేనని 1997లో తేలింది. ఒక్క పోగు ముక్క ఉంటే చాలు, మిగతావి దాని అంచుకి అతుక్కుని అదే మడతలోకి మారిపోతాయి. గడ్డకట్టించి కరిగించినప్పుడు ఏర్పడే, కంటికి కనిపించని ఆ ముక్క ట్యూబ్‌లో ముందే ఉంటే మీరు కొలిచేది మీ అణువుని కాదు, ఆ ముక్కని.

కాబట్టి కరిగించిన ప్రొటీన్‌ని ఐస్ మీదే ఉంచి, పెద్ద ముద్దల్ని ఆపే 100 కిలోడాల్టన్ల ఫిల్టర్‌లో పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, కిందికి దిగినదే వాడండి. గాఢత ఆ తర్వాతే కొలవండి. ముందే కొలిస్తే ఫిల్టర్‌లో ఆగిపోయిన ముద్దలు కూడా లెక్కలోకొస్తాయి.

రంగు ద్రావణానికి వెలుతురు తగలకుండా రేకు చుట్టండి. నల్ల గోడల 96 వెల్స్ ప్లేట్ తీసుకుని, అంచు వరుసల్లో నీళ్లు పోయండి. అక్కడ ఆవిరి ఎక్కువ. ప్రతి వెల్‌లో ఒకే సైజు గాజు పూస వేయండి. పోసేటప్పుడు పైపెట్‌ని రెండో నొక్కు దాకా నొక్కొద్దు, బుడగ వస్తుంది. అది పగిలిన క్షణాన గ్రాఫ్‌లో ముల్లులా లేస్తుంది. పైన సీల్ ముడత లేకుండా అంటించి, 37 డిగ్రీల దగ్గర కుదుపుతూ వదిలేయండి. 440 నానోమీటర్ల కాంతి ఇచ్చి 480 దగ్గర చదవాలి. ఒక్కోసారి రోజులు పడుతుంది, టెన్షన్ పడకండి.

రంగు, బఫర్ మాత్రమే ఉన్న వెల్స్ ఎలాగూ పెడతారు. చాలామంది వదిలేసేది ఇంకొకటుంది: ముందే తయారైన పోగుల్లో మీ అణువు కలిపి చూడటం. పసుపులోని కుర్కుమిన్ లాంటి పసుపు రంగు అణువులు ఆ కాంతిని తామే పీల్చుకుంటాయి. పోగులు తగ్గకపోయినా సిగ్నల్ పడిపోతుంది. మందు దొరికిందని ఎవరికైనా చెప్పేముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడండి. ఆశగా ఎదురుచూసే కుటుంబాలకి తప్పుడు గ్రాఫ్ చేరకూడదు.

పని అయ్యాక బెంచ్‌ని ఆల్కహాల్‌తో తుడిచి ఊరుకోవద్దు, పోగులు దానికి విడిపోవు. 1 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్‌తో తుడవండి. పోగులు ముట్టుకునే పైపెట్ వేరుగా ఉంచండి. నాదానికి ఎర్ర టేపు చుట్టి ఉంటుంది, ఫిల్టర్ చేసిన ప్రొటీన్ దగ్గరికి అది రాదు.