సోలార్ ప్యానెల్ కింది అంచు ఒక్కసారి చూడండి

వానలు పడుతున్నాయి కదా, ప్యానెళ్లు వాటంతటవే శుభ్రపడతాయిలే అనుకుని నేనూ వదిలేశాను. ఎండ బాగానే ఉన్నా కరెంటు తగ్గుతోందని పైకెక్కి చూస్తే పైభాగం అద్దంలా మెరుస్తోంది, కింది ఫ్రేమ్ దగ్గర మాత్రం రెండు వేళ్ల వెడల్పున బురద పట్టీ గట్టిపడి ఉంది. జారిన నీళ్లు ఫ్రేమ్ దగ్గర ఆగి, ఆరిపోయి, దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది. వాలు తక్కువున్న ప్యానెళ్లకి ఇది ఇంకా ఎక్కువ. పట్టీ సన్నదే అయినా కింది వరుస సెల్స్‌ని (కరెంటు తయారుచేసే గళ్లని) కప్పేస్తే ఆ ప్యానెల్ మొత్తం మీద దెబ్బ పడుతుంది.

పొద్దున్నే, గాజు చల్లగా ఉన్నప్పుడు, ప్యానెల్‌కి అర బకెట్ మంచి నీళ్లు చాలు. ముందు కింది అంచు మీద తడిగుడ్డ పరిచి 10 నిమిషాలు నాననివ్వండి, తర్వాత మెత్తటి స్పాంజితో అడ్డంగా తుడిచి, మిగిలిన నీళ్లు పైనుంచి పోసి, రబ్బరు వైపర్‌తో కిందికి లాగేయండి. ఆ అంచున నీళ్లు నిలవకుండా పొడిగుడ్డతో అద్దడం మర్చిపోవద్దు, అసలు పని అదే. సబ్బు, పీచు వద్దు. మధ్యాహ్నం కాలిపోతున్న గాజు మీద చల్లనీళ్లు అసలే పోయకండి, పగిలే ప్రమాదం ఉంది.

కడగడానికి ముందు రోజు, కడిగిన తర్వాతి రోజు మధ్యాహ్నం 12 గంటలకి ఇన్వర్టర్ మీద కిలోవాట్లు రాసుకుని పోల్చండి, రెండు రోజులూ మబ్బు లేకుండా ఉండాలి. తేడా ఏమీ రాలేదంటే సమస్య మురికి కాదు, చెట్టు నీడో ట్యాంకు నీడో పడుతోందేమో చూసుకోండి, అదీ కాకపోతే టెక్నీషియన్‌ని పిలవాల్సిందే.