స్పోకు తెగిందా, బండి కిర్రుమంటోందా? రోడ్ బైకులో అసలు తప్పు పట్టుకోవడం

ప్రకాశం బ్యారేజీ దాటుతుంటే వెనక చక్రంలోంచి 'టింగ్'మని ఒకటే చప్పుడు. ఆ తర్వాత చక్రం తిరిగినప్పుడల్లా ఒకేచోట రిమ్ము బ్రేకు రబ్బరుకి రాసుకుంటోంది. స్పోకు తెగిందన్నమాట. డిస్కు బ్రేకు బండికి ఈ రాపిడి ఉండదు, వెనక భాగం ఊగుతున్నట్టు మాత్రం అనిపిస్తుంది. ఆగి చేత్తో వెతకండి, కళ్లను నమ్మొద్దు. హబ్బు (చక్రం మధ్య దిమ్మ) దగ్గర వంపులో తెగిన స్పోకు పక్కవాటి అల్లికలో ఇరుక్కుని, ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంటుంది. వాల్వు దగ్గర మొదలుపెట్టి ఒక్కోదాన్నీ వేలితో కదుపుతూ చుట్టూ రండి. తెగినది గలగలలాడుతుంది.

దాన్ని పక్క స్పోకుకి రెండు మెలికలు తిప్పి చుట్టేయండి. వేలాడనిస్తే డిరైల్యూరులో (చైనుని గేర్ల మీద జరిపే భాగం) పడి అదీ పోతుంది. బ్రేకు మీదున్న చిన్న మీట ఎత్తి రబ్బర్లు విడదీయండి. దగ్గర స్పోకు కీ ఉంటే, తెగినదానికి అటొకటి ఇటొకటి ఉన్న స్పోకుల్ని చెరో అర చుట్టు వదులు చేయండి. అవి హబ్బు అవతలి అంచుకి పోయేవి, రిమ్మును తమ వైపు లాగుతున్నది అవే. 32 స్పోకుల చక్రమైతే మంగళగిరి నుంచి బెజవాడ దాకా మెల్లగా వచ్చేయొచ్చు. 20, 24 స్పోకుల చక్రంలో ఒకటి పోయినా వంకర బాగా ఎక్కువ. టైరు ఫ్రేముకి తగులుతుంటే ఎక్కొద్దు, ఆటోలో వేసుకోండి.

ఎక్కడ తెగింది?

చాలామంది 'నా బరువుకి తెగింది' అనుకుంటారు. బరువు కంటే వదులే ఎక్కువ స్పోకుల్ని తెంపుతుంది. చక్రం తిరుగుతున్నప్పుడు ఏ స్పోకు నేల వైపుకి వస్తే దాని బిగువు ఒక్క క్షణం తగ్గి, పైకి వెళ్లగానే మళ్లీ పెరుగుతుంది. 700సి (రోడ్ బైకు మామూలు సైజు) చక్రానికి 25 మి.మీ. టైరు వేస్తే ఒక చుట్టుకి సుమారు 2.1 మీటర్లు. విజయవాడ నుంచి గుంటూరు 35 కిలోమీటర్లు అనుకుంటే, ఒక్కో స్పోకు దారిలో 16 వేలసార్లకు పైగా ఇలా సడలి బిగుస్తుంది. బిగువు సరిపడా ఉంటే ఆ తేడా లెక్కలోకి రాదు. వదులుగా ఉంటే హబ్బు రంధ్రంలో వంపు ప్రతిసారీ కొంచెం కదులుతుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపినట్టే.

అందుకే తెగిన ముక్కలు పారేయకండి. వంపు దగ్గర తెగితే పైన చెప్పిన అలసటే కారణం. మర దగ్గర తెగినా, నిప్పల్ (స్పోకుని రిమ్ముకి బిగించే నట్టు) తలే ఊడినా, స్పోకు పొట్టిదై నిప్పల్ లోపలి దాకా చేరలేదేమో చూడండి. కుడివైపు స్పోకుల మీద హబ్బుకి దగ్గరగా గీతలు, గాట్లు ఉంటే దోషి స్పోకు కాదు, చైను. అన్నిటికంటే పెద్ద పళ్ల చక్రం దాటి చైను లోపలికి పడి స్పోకుల్ని కోస్తోంది. డిరైల్యూరు మీద 'ఎల్' అక్షరం పక్కనున్న స్క్రూ సరిచేయకుండా, హ్యాంగరు (డిరైల్యూరు వేలాడే కొక్కెం) వంగిందేమో చూడకుండా కొత్త స్పోకు వేస్తే అదీ కోసుకుపోతుంది.

వెనక చక్రంలో కుడి, ఎడమ స్పోకుల బిగువు ఒకటి కాదు. గేర్లకి చోటివ్వడానికి కుడి అంచు లోపలికి జరిగి ఉంటుంది కాబట్టి అటు సాధారణంగా 100 నుంచి 120 కిలోల బిగువు కావాలి, ఎడమవైపు దాదాపు అందులో సగమే. ఎడమవైపువే పదే పదే తెగుతుంటే చక్రం మొత్తం వదులుగా ఉన్నట్టు.

కొత్త స్పోకు వేయడం

షాపుకి రెండు ముక్కలూ పట్టుకెళ్లండి. పొడవు వంపు లోపలి నుంచి మర చివరి దాకా కొలవాలి. 1 మి.మీ. తేడా పర్వాలేదు, అంతకు మించొద్దు. ఒకే చక్రంలో కుడివైపువి ఎడమవాటికన్నా కొంచెం పొట్టి, కాబట్టి ఏ వైపుదో చెప్పి తీసుకోండి. 'ఏదో ఒకటి సరిపోద్దిలెండి' అనే చోట కొనొద్దు. రోడ్ బైకుకి ఎక్కువగా పడేది 2 మి.మీ. స్టెయిన్‌లెస్ స్పోకు, అంటే 14 గేజి. మామూలు సైకిలు స్పోకు వేసి పంపితే మర పట్టదు, పట్టినా నిలవదు.

కుడివైపుదైతే ముందు గేర్ల క్యాసెట్టు విప్పాలి. దానికి చైన్ విప్ (క్యాసెట్టు తిరక్కుండా పట్టే పనిముట్టు), లాక్‌రింగు పానా రెండూ కావాలి. తిరిగి బిగించేటప్పుడు 40 న్యూటన్ మీటర్లు. ఎడమవైపుదైతే క్యాసెట్టు జోలికి పోనక్కర్లేదు, డిస్కు ఉంటే మాత్రం దాన్ని విప్పాలి. తల హబ్బు అంచుకి లోపల ఉండాలా బయటా అన్నది, అదే వైపున ఒకటి వదిలి ఒకటి చూస్తే తెలుస్తుంది. మూడు అడ్డు దాటే అల్లికలో మొదటి రెండింటిని ఒకవైపు నుంచి దాటి, మూడోదాన్ని అవతలి వైపు నుంచి దాటాలి. పాత అల్లిక ఎలా ఉందో అలాగే వేయండి.

మరకి ఒక బొట్టు నూనె. నిప్పల్‌కి సరిపోయే కీ 3.2, 3.3, 3.45 మి.మీ. సైజుల్లో దొరుకుతుంది, వదులు కీ పెడితే నిప్పల్ మూలలు అరిగిపోయి ఇక ఏ కీ పట్టదు. తిప్పే దిక్కు దగ్గర అందరూ తడబడతారు. టైరు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లు దిక్కున తిప్పితే బిగుస్తుంది, హబ్బు వైపు నుంచి చూస్తే తలకిందులు. గోటితో మీటి, అదే వైపు పక్కవాటి శ్రుతితో పోల్చుతూ బిగించండి. చివర్లో పావు చుట్టు ఎక్కువ తిప్పి ఆ పావు వెనక్కి తీస్తే స్పోకులో పడ్డ మెలి విడిపోతుంది. తర్వాత బ్రేకు రబ్బరు అంచునే గుర్తుగా పెట్టుకుని బెండు తీయండి, అర మి.మీ. లోపు ఊగితే చాలు. ఆఖరున ఒకే వైపున పక్కపక్కనే సమాంతరంగా ఉన్న స్పోకుల్ని జతజతగా గట్టిగా పిడికిట్లో నొక్కండి. టకటకమని సర్దుకుంటాయి. మళ్లీ బెండు చూడండి. ఈ చివరి పని మానేస్తే వంద కిలోమీటర్లు తిరక్కుండానే వంకర వస్తుంది.

ఒకటి తెగితే మార్చండి, రెండోది తెగితే మొత్తం బిగువు చూపించండి. మూడోది కూడా తెగితే అన్నీ కొత్తవి వేయించి చక్రం అల్లించడమే. మిగతావీ అంతే అలసి ఉంటాయి.

కిర్రు ఎక్కడిది?

ఫ్రేము గొట్టం బోలు. ఎక్కడ మోగినా కాళ్ల మధ్య మోగినట్టే ఉంటుంది, కాబట్టి అందరూ బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే బేరింగు) మీద పడతారు. పోయి కొత్తది కొని వేస్తారు, కిర్రు అలాగే ఉంటుంది. అన్నీ ఒకేసారి బిగించేయడం ఇంకా తప్పు. చప్పుడు పోయినా ఎందుకు పోయిందో తెలియదు. ఒకటి చేసి, ఒక రౌండు తిరిగి రండి.

ట్రాఫిక్ లేని వేళ కరకట్ట రోడ్డు మీద ఇలా పరీక్షించండి. తొక్కడం ఆపండి. అయినా చప్పుడు వస్తుంటే చక్రాలు, యాక్సిలు, సీటు చూడాలి. లేచి నిలబడి తొక్కండి. ఆగిపోతే సీటు లేదా సీటు గొట్టం. నిలబడితేనే వస్తే స్టెమ్ము (హ్యాండిలుని పట్టి ఉంచే ముక్క), క్రాంకు (పెడలు తగిలించే చేయి). ఒక్కో కాలితో తొక్కితే ఏ పెడలో తేలుతుంది. ఇక లయ వినండి. పెడలు ఒక చుట్టుకి ఒకసారి అయితే పెడలు, క్రాంకు, పళ్ల చక్రం బోల్టులు, బ్రాకెట్. ముందు 50 పళ్ల చక్రం మీద సుమారు రెండుంపావు చుట్లకొకసారి 'టక్'మంటే చైనులో ఒక లింకు బిగుసుకుంది. 110 లింకుల చైను ఒక చుట్టు తిరగడానికి అంతే పడుతుంది.

విప్పడం ఖర్చు లేని చోటి నుంచి మొదలుపెట్టండి. చక్రం యాక్సిలు తీసి తుడిచి, పల్చగా గ్రీజు రాసి గట్టిగా బిగించండి. ఎన్నో కిర్రులు ఇక్కడే ఆగుతాయి. తర్వాత పెడళ్లు. మర తుడిచి గ్రీజు పెట్టి, 15 మి.మీ. పానాతో లేదా ఎలెన్‌కీతో 35 నుంచి 40 న్యూటన్ మీటర్లకి బిగించండి. ఎడమ పెడలుకి మర తిరగబడి ఉంటుంది, దాన్ని మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. సీటు గొట్టం ఎత్తుకి టేపు గుర్తు పెట్టి బయటికి లాగండి. మే నెలలో మన దగ్గర కారే చెమట, దుమ్ము కలిసి లోపల ముద్దయి ఉంటుంది. అల్యూమినియం అయితే గ్రీజు. కార్బన్ అయితే గ్రీజు వద్దు, కార్బన్ పేస్టే రాయాలి, లేకపోతే జారుతుంది. పళ్ల చక్రం బోల్టులు ఒక్కోటీ విప్పి, గ్రీజు పెట్టి, ఎదురెదురుగా బిగించండి.

అన్నీ అయ్యాకే బ్రాకెట్. మరల రకమైతే ఇంగ్లిష్ మరలో కుడి కప్పు తిరగబడి విప్పాలి. రెండు బోల్టుల క్రాంకుకి ముందుగా దాని చివరనున్న మూతని వేళ్లతో వదులు పోయేవరకే తిప్పి, తర్వాత ఆ బోల్టులు 12 నుంచి 14 న్యూటన్ మీటర్లు. నొక్కి కూర్చోబెట్టే రకమైతే ఇంట్లో సుత్తి పట్టుకోకండి.

ఎండాకాలంలో స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోట కూడా కిర్రుమంటాయి. అక్కడ బొట్టు నూనె వేసి తుడిచేయండి, రిమ్ము మీదా డిస్కు మీదా పడనివ్వద్దు. అదే చోట చప్పుడు తిరిగి వస్తుంటే నిప్పల్ రంధ్రాల చుట్టూ రిమ్మును గుడ్డతో తుడిచి టార్చి వేసి చూడండి. వెంట్రుకంత చీలిక కనిపించినా స్పోకు ఇంకా బిగించొద్దు, రిమ్మే మార్చాలి. క్రాంకుకి పెడలు ఎక్కే రంధ్రం దగ్గర, స్టెమ్ము పట్టే చోట హ్యాండిలు మీద కూడా అలాగే వెతకండి. అక్కడ చీలిక ఉంటే బండిని ఇంటి దాకా నడిపించుకు రండి, ఎక్కొద్దు.